నీరసం అని ఒక్క మాటలో తేల్చేశారు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆరోగ్యం పేజీలో రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ల జబ్బు మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి రోగిగా, రెండోసారి చేతిలో పెన్సిలుతో. పాతికేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. ఈ జబ్బు వచ్చి పదకొండేళ్లయింది. అందుకని ఆ పేజీ గురించి మాట్లాడే అర్హత నాకు రెండు విధాలా ఉందనుకుంటున్నాను.

వ్యాసం బాగుంది. వంకర తిరిగిన వేళ్ల ఫొటో పెద్దగా వేశారు. పొద్దున్నే కీళ్లు బిగుసుకుపోవడం, మందులు ఆలస్యమైతే ఎముక దెబ్బతినడం, అన్నీ వివరంగా రాశారు. ఒక్కచోట మాత్రం నా పెన్సిలు ఆగిపోయింది. లక్షణాలు చెప్పేచోట "కొద్దిపాటి జ్వరం, నీరసం, ఆకలి మందగించడం" అని ఉంది. అంతే, ఆ నీరసం పేజీ మొత్తంలో మళ్లీ కనిపించలేదు. ఈ పదకొండేళ్లలో నా పనినీ, నా ఇంటినీ కీళ్లకంటే ఎక్కువ అల్లాడించింది అదే. దాన్ని మీరు రెండు కామాల మధ్య ఇరికించి ముందుకు వెళ్లిపోయారు.

అదెలా ఉంటుందో ఒక్క పూట సంగతి చెబుతాను.

తలస్నానం చేసి వచ్చి మంచం అంచున కూర్చున్నాను. తువ్వాలు భుజం మీదే ఉంది. దువ్వెన ఎదురుగా బల్లమీద, లేచి రెండడుగులేస్తే అందుతుంది. నిద్ర రావడం లేదు. ఆ రోజు వేళ్ల కణుపులు వాచలేదు, మోకాళ్లు సలపడం లేదు. మనసులో దిగులు కూడా ఏమీ లేదు. జుట్టు చివర్లనుంచి నీళ్లు కారి వీపు తడుస్తోంది. అది తెలుస్తోంది. తువ్వాలు తలకి చుట్టుకుంటే సరిపోతుందనీ తెలుసు. దానికి చెయ్యి పైకెత్తాలి. ఎత్తుదాం, ఇదిగో ఎత్తుదాం అనుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి గడియారం చూస్తే పాతిక నిమిషాలైంది. పెద్ద జ్వరం తగ్గిన మర్నాడు ఒళ్లు ఎలా ఉంటుందో అందరికీ అనుభవమే కదా. జ్వరం లేకుండానే, నెలల తరబడి అలా ఉంటుందనుకోండి.

మాటలతో బతికేదాన్ని కాబట్టి మాట దగ్గర కాస్త ఆగుతాను. తెలుగులో దీనికి మాటల కరువేం లేదు. అలసట, బడలిక, నీరసం, నిస్సత్తువ, నిస్త్రాణ. పని చేస్తే వచ్చేది అలసట, పడుకుంటే పోతుంది. ప్రయాణం చేస్తే బడలిక. నాకున్నది పని చేయకపోయినా వస్తుంది, పడుకున్నా పోదు. నిస్సత్తువ అన్న మాట దానికి దగ్గరగా ఉంటుంది గానీ ఆస్పత్రిలో ఆ మాట ఎవరూ అనగా నేను వినలేదు. ఆయాసం అంటే వెంటనే ఈసీజీ తీయిస్తారు (నాకు ఓసారి తీయించారు కూడా). నీరసం అంటే బలానికి మందు రాసి పంపిస్తారు. ఇక ఇంట్లో అనే మాట 'ఓపిక లేదు'. దాంతో ఇంకో చిక్కుంది. మన భాషలో ఒంట్లో ఉండే శక్తీ ఓపికే, మనసులో ఉండే సహనమూ ఓపికే. ఓ సాయంత్రం మావారు ఆఫీసు గొడవేదో చెబుతుంటే "ఇప్పుడు ఓపిక లేదండీ, రేపు చెబుదురుగాని" అన్నాను. "నా మాట వినడానికి కూడా ఓపిక లేదా నీకు?" అన్నారు. లేదు, నిజంగానే లేదు. నేనన్న అర్థం ఒకటి, ఆయనకు వినబడింది ఇంకొకటి. రెండ్రోజులు ఇంట్లో మాటల్లేవు.

డాక్టరుగారి గదిలో కథ కూడా దాదాపు ఇంతే. మా డాక్టరుగారు మంచివారు, ఓపికస్తులు (రెండో అర్థంలో). జబ్బు ఎంత చురుగ్గా ఉందో చూడటానికి వాడే లెక్కల్లో డాస్ 28 అని ఒకటుంది. 28 కీళ్లను ఒక్కొక్కటే నొక్కి, ఏది నొప్పి, ఏది వాపు అని రాసుకుంటారు. ఒంట్లో లోలోపలి వాపు ఎంతుందో చూపే రక్తపరీక్షల్లో ఈఎస్‌ఆర్‌నో సీఆర్‌పీనో కలుపుతారు. మొత్తమ్మీద ఎలా ఉన్నారని రోగిని అడిగి, ఒక గీతమీద గుర్తు పెట్టించి అదీ కలుపుతారు. నిస్సత్తువకి అందులో విడిగా గడి లేదు. పాదాల కీళ్లకూ లేదు, దాని గురించి ఇంకో ఉత్తరం రాయొచ్చు. ఆ లెక్క 2.6 కంటే తక్కువ వస్తే జబ్బు అణిగినట్టే. నాకు ఓసారి 2.4 వచ్చింది. డాక్టరుగారు సంతోషించారు, నేనూ నవ్వాను. బయటికొచ్చి మెట్లు దిగుతూ సగంలో కూర్చుండిపోయాను. జబ్బు అణిగితే నేనెందుకు కూర్చున్నాను? ఆ ప్రశ్న వెనక్కి వెళ్లి ఆయన్ని అడగలేదు. అడగకపోవడం నా తప్పే. 'మందులన్నీ పనిచేస్తుంటే ఇంకా ఏడుపేనా' అనుకుంటారేమో అన్న మొహమాటం.

ఈ మొహమాటం నా ఒక్కదానిదే కాదని చాలా ఆలస్యంగా తెలిసింది. ఇంగ్లండులోని బ్రిస్టల్ పరిశోధకులు ఈ జబ్బున్నవాళ్లతో మాట్లాడి 2005లో ఒక పత్రం వేశారు. దాని పేరులోనే మూడు మాటలున్నాయి. తెలుగులో చెప్పాలంటే ముంచెత్తేది, చేతిలో లేనిది, ఎవరికీ పట్టనిది. నేను పాతిక నిమిషాల్లో చెప్పలేనిది మూడు మాటల్లో చెప్పేశారు. ఆ తర్వాత రెండేళ్లకి, అంటే 2007లో, కీళ్ల జబ్బుల పరిశోధనల్లో ఏమేం కొలవాలో చర్చించే ఒమెరాక్ట్ అనే అంతర్జాతీయ బృందం, రుమటాయిడ్ మీద ఏ మందు పరీక్షించినా నిస్సత్తువ తగ్గిందో లేదో కూడా కొలవాలన్న తీర్మానాన్ని ప్రచురించింది. ఆ మాట పెట్టించడంలో ఆ సమావేశాల్లో డాక్టర్లతో పాటు కూర్చున్న రోగుల పాత్ర పెద్దది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2019లో ఈ జబ్బుతో ఉన్నవాళ్లు సుమారు 1.8 కోట్లమంది, వాళ్లలో 70 శాతం ఆడవాళ్లు. వాళ్లలో ఎంతమందిని ఇంట్లో బద్ధకస్తురాలు అన్నారో లెక్కపెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా!

ఎందుకొస్తుంది? నాకు అర్థమైనంతలో చెబుతాను, తప్పుంటే మీ డాక్టర్లు దిద్దొచ్చు. ఫ్లూ జ్వరం వచ్చినప్పుడు మనల్ని మంచానికి అంటించేసేది క్రిమి ఒక్కటే కాదు. క్రిమితో పోరాడుతూ మన ఒళ్లే సైటోకైన్లనే పదార్థాలను వదులుతుంది. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ 6 వంటివి. అవి మెదడుకి 'తిరగకు, పడుకో, ఎవరితో మాట్లాడకు' అని కబురు పెడతాయి. జ్వరానికి అది మంచిదే, ఒంట్లో శక్తి పోరాటానికి మిగులుతుంది. రుమటాయిడ్‌లో ఈ పోరాటం బయటి శత్రువుతో కాదు, సొంత కీళ్ల లోపలి పొరతోనే. కాబట్టి గెలుపూ లేదు, ముగింపూ లేదు, కబురు మాత్రం రోజూ వెళ్తూనే ఉంటుంది. ఇదే ఇంటర్‌ల్యూకిన్ 6 కాలేయం చేత హెప్సిడిన్ అనే హార్మోనును ఎక్కువగా తయారు చేయిస్తుంది. అది ఒంట్లో ఉన్న ఇనుమును దాచిపెట్టి తాళం వేస్తుంది. ఇనుము ఉండీ రక్తానికి అందదు. రక్తహీనత వస్తుంది.

అంతటితో అయిపోతే బాగుండేది, వాపు తగ్గించే మందు వేస్తే నిస్సత్తువా పోయేది. పోదు. రాత్రుళ్లు పక్క మార్చినప్పుడల్లా భుజం నొప్పికి మెలకువ వస్తే తెల్లవారి ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? నొప్పికి భయపడి కదలడం మానేస్తే కండ కరిగిపోతుంది, అప్పుడు చిన్న పనీ కొండంతవుతుంది. దీర్ఘకాలం జబ్బుతో ఉంటే మనసూ కుంగుతుంది, అది మళ్లీ ఒంటిని లాగేస్తుంది. ఇవన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని తిరుగుతుంటాయి. సైటోకైన్ల వంటివాటిని అడ్డుకునే ఖరీదైన బయోలాజిక్ ఇంజెక్షన్ల మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2016లో కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష చూసింది. వాటితో నిస్సత్తువ తగ్గుతుంది, కానీ కొద్దిగానో ఓ మాదిరిగానో అని తేలింది. అది చదివాక ఆ మెట్ల మీద కూర్చోవడం గురించి సిగ్గుపడటం మానేశాను.

నా విషయం బయటపెట్టింది డాక్టరు కాదు, 'భార్య'.

ఒక ప్రచురణ సంస్థకి నవల ప్రూఫులు దిద్ది పంపాను. వారం తర్వాత అక్కడి ఎడిటరు ఫోన్ చేసి "అమ్మా, ఈసారి ముద్రారాక్షసాలు చాలా మిగిలిపోయాయి. ఓసారి కళ్లు చూపించుకోండి" అన్నారు. మర్యాదగానే అన్నారు, నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఒక పేజీలోనైతే 'భార్య'కి ఒత్తు లేకుండా 'బార్య' అని నాలుగు చోట్ల ఉంది. నాలుగూ వదిలేశాను! కళ్లద్దాలు మార్చాను. ఆ తర్వాతి పుస్తకంలోనూ అదే గొడవ. అప్పుడు ఆ పాత కాగితాల కట్ట వెనక్కి తెప్పించుకుని ముందేసుకున్నాను. నాకో అలవాటుంది, ప్రతి పది పేజీలకీ మార్జిన్లో టైం రాసుకుంటాను. ఏ రోజు ఎంత పని అయిందో తెలియడానికి. మిగిలిపోయిన తప్పులకి ఎర్ర గీతలు పెట్టుకుంటూ పోతే, పొద్దున పూట దిద్దిన పేజీల్లో ఎక్కడో ఒకటీ అరా. మధ్యాహ్నం మూడు దాటాక దిద్దినవి కుంకుమ చల్లినట్టున్నాయి. కళ్లకి పొద్దునా సాయంత్రం అని తేడా ఎందుకుంటుంది? ఆ పేజీలు నేను చూశాను, అక్షరం అక్షరం చూశాను. చూసింది బుర్రకెక్కలేదు. ఇంగ్లీషులో దీన్ని బ్రెయిన్ ఫాగ్ అంటారట. మంచు కమ్మడమని నేను అనను. మంచు కమ్మితే కమ్మిందని తెలుస్తుంది. నాకు అంతా స్పష్టంగా కనిపించింది, అదే దారుణం.

ఆ కట్టే తీసుకెళ్లి డాక్టరుగారి బల్లమీద పెట్టాను. నీరసం అన్న మాట అనలేదు. "మూడు దాటితే నా పని నేను చేయలేకపోతున్నాను, ఇవిగో చూడండి" అన్నాను. ఆయన పేజీలు తిప్పి చూసి, కుర్చీ వెనక్కి జరిపి, మొదటిసారి కీళ్ల సంగతి కాక రోజు సంగతి అడిగారు. ఎన్నింటికి లేస్తారు, రాత్రి ఎన్నిసార్లు మెలకువొస్తుంది, ఏ మందు ఏ టైంకి వేసుకుంటున్నారు, గురక ఉందా, ఏడుపొస్తుందా. ఇదే నేను మీ పాఠకులకు చెప్పాలనుకున్నది. నీరసంగా ఉందండీ అంటే ఆ మాట గాలిలో కలిసిపోతుంది. ఇంతకుముందు చేయగలిగి ఇప్పుడు చేయలేకపోతున్న పని ఒకటి చూపించండి. రెండో అంతస్తు ఎక్కేవాణ్ణి, ఇప్పుడు మొదటి అంతస్తులో ఆగుతున్నాను అనండి. బట్టలు ఆరేసే పని రెండు విడతల్లో చేస్తున్నాను అనండి. అలాంటి మాట చెవినబడ్డాక డాక్టరు టానిక్ రాసి ఊరుకోలేరు.

తర్వాత వెతుకులాట మొదలైంది. నాకు హిమోగ్లోబిన్ 9.6 ఉంది, ఆడవాళ్లకి 12 ఉండాలి. ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెర్రిటిన్ పరీక్షలో అంకె మామూలుగానే కనిపించింది. ఒంట్లో లోలోపల వాపు ఉన్నప్పుడు ఫెర్రిటిన్ దానంతటదే పెరుగుతుందనీ, ఆ అంకెను చూసి ఇనుము సరిపడా ఉందనుకోకూడదనీ ఆయన చెప్పి ఇంకో పరీక్ష చేయించారు. నిజంగానే ఇనుము తక్కువుంది. ఏళ్ల తరబడి మింగిన నొప్పి మాత్రలవల్ల కడుపులో కొద్దికొద్దిగా రక్తం పోతోందేమో అని అదీ చూశారు. థైరాయిడ్ చూశారు, ఇలా రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బు ఒకటి ఉన్నవాళ్లకి థైరాయిడ్‌దీ తోడయ్యే అవకాశం ఎక్కువట. నాకు లేదు. స్టెరాయిడ్ మాత్ర నేను రాత్రి భోజనమయ్యాక వేసుకుంటున్నాను, అది నిద్ర చెడగొడుతుందని పొద్దుటికి మార్చారు. ఇంత చిన్న మార్పుకి రాత్రి రెండు గంటల మెలకువ తగ్గింది. (ఇది చదివి ఎవరూ స్టెరాయిడ్ సొంతంగా ఆపేయకండి. హఠాత్తుగా ఆపితే ప్రమాదం.) ఈ జబ్బుకి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ అనే మందు వేసుకున్న మర్నాడు ఒళ్లు సోలిపోవడం చాలామందికి ఉంటుంది, నాకూ ఉంది. ఆ రోజును ఆయనతో చెప్పే మార్చుకున్నాను. ఇప్పుడు శనివారం రాత్రి వేసుకుంటాను, ఆదివారం దానికి ఇచ్చేశాను.

ఇవన్నీ చేశాక సగం తేలికైంది. మిగతా సగానికి మందు లేదు.

ఆ సగంతో ఎలా వేగుతున్నానో చెబుతాను. ఇంతకుముందు నా పద్ధతి ఎలా ఉండేదంటే, ఒంట్లో బాగున్న రోజు వచ్చిందంటే చాలు, మిగిలిపోయిన పనులన్నీ ఆ రోజే చేసేసేదాన్ని. ఒక ఆదివారం అలాగే పుస్తకాల బీరువా మొత్తం దించి, దుమ్ము దులిపి, అక్షరక్రమంలో సర్దాను. సాయంత్రానికి భలే గర్వంగా ఉంది. సోమ, మంగళ, బుధవారాలు మంచం దిగలేదు. గురువారం కాస్త లేచి, పోయిన మూడు రోజుల పనీ పూర్తి చేద్దామని మళ్లీ అదే. ఇలా ఎన్నేళ్లు చేశానో తలుచుకుంటే నామీద నాకే నవ్వొస్తుంది. బాగున్న రోజు సగంలో ఆపడం, బాగోలేని రోజు కొంతైనా కదలడం, ఈ రెండూ నేర్చుకోవడానికి నాకు ఏడాది పైనే పట్టింది. అలారం పెట్టుకుంటాను. నలభై నిమిషాలు దిద్దడం, పది నిమిషాలు కళ్లు మూసుకుని వాలడం. అలసట వచ్చాక ఆపితే లాభం లేదు, రాకముందే ఆపాలి. ఇది మాత్రం చాలా కష్టం, ఎందుకంటే రాకముందు ఆపాలంటే ఎవరికీ మనసొప్పదు. అధ్యాయం ఇంకో మూడు పేజీల్లో అయిపోతుందనగా అలారం మోగుతుంది! ఇప్పటికీ వారంలో రెండుసార్లు దాన్ని నొక్కేస్తూనే ఉన్నాను, మర్నాడు అనుభవిస్తూనే ఉన్నాను.

నడక సంగతి చెబితే కొందరికి ఒళ్లు మండుతుంది. నాకూ మండింది. కూర్చుంటే లేవలేనిదాన్ని నడవమంటారా అని. ఫిజియోథెరపిస్టు ఏడు నిమిషాలతో మొదలుపెట్టించారు. ఏడంటే ఏడే, బాగున్న రోజైనా ఎనిమిది వద్దన్నారు. రెండు వారాలకి ఒక నిమిషం చొప్పున పెంచుకుంటూ వెళ్తే ఇరవైకి రావడానికి ఆరు నెలలు దాటింది. వారానికి రెండుసార్లు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకి చేతులు ఆనించి తోయడం లాంటి కండబలం పనులు కూడా పెట్టారు. కీలు బాగా వాచి వేడిగా ఉన్న రోజు దాన్ని మాత్రం వదిలేయాలి. ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. రుమటాయిడ్ నిస్సత్తువకి మందులు కాని ఉపాయాల్లో రుజువున్నవి ఏవి అని చూసినవాళ్లకి శారీరక శ్రమ, మనసుకి సంబంధించిన శిక్షణ ఈ రెండే ముందు వరసలో కనిపించాయి. వాటి ఫలితమూ అద్భుతమేమీ కాదు, కొంత. ఉన్నదానిలో ఆ కొంతే నాకు గంటన్నర పని ఇచ్చింది.

మనసు శిక్షణ అన్న మాటకి నేను మొదట గట్టిగా ఎదురుతిరిగాను. "అంటే ఇదంతా నా మనసులో పుట్టిందంటారా?" అని డాక్టరుగారినే అడిగాను, కాస్త కోపంగానే. కాదమ్మా అన్నారు. జబ్బు ఒంట్లోదే, రోజును ఎలా నడపాలన్న నిర్ణయాలు మాత్రం తలలోవి, ఆ నిర్ణయాల గురించే ఈ శిక్షణ అన్నారు. బ్రిటన్‌లో ఏడు ఆస్పత్రుల్లో దీన్ని పరీక్షించి 2019లో ఫలితాలు వేశారు. మానసిక నిపుణులు కూడా అక్కర్లేదు, శిక్షణ పొందిన నర్సులూ, రోజువారీ పనులు చేసుకోవడంలో సాయపడే ఆక్యుపేషనల్ థెరపిస్టులే రోగుల్ని గుంపుగా కూర్చోబెట్టి వారం వారం నడిపారు. నిస్సత్తువ వల్ల బతుకు మీద పడే దెబ్బ తగ్గింది, రెండేళ్లయినా ఆ మేలు నిలిచింది. 2022లో అక్కడే ఇంకో పరిశోధనలో ఫోన్లోనే ఇలాంటి శిక్షణ ఇచ్చి చూశారు, ఇంకో బృందానికి మనిషికి తగ్గ వ్యాయామం నేర్పారు. ఏడాది దాటాక చూసినా రెండూ పనిచేశాయి. ఫోన్లో అన్నది నాకు బాగా నచ్చింది. నిస్సత్తువకి వైద్యం కోసం బయల్దేరి, ఆ ప్రయాణానికే కూలబడటం ఏం తెలివి? యూరప్ రుమటాలజీ సంఘాల సమాఖ్య యులార్ కూడా 2023లో సిఫార్సులు ఇచ్చింది. రోగిని క్రమం తప్పకుండా నిస్సత్తువ గురించి అడగాలని, చికిత్స నిర్ణయాల్లో దాన్నీ లెక్కలోకి తీసుకోవాలని. అడగడానికి పట్టేది అర నిమిషం. 'గత వారం రోజుల్లో మీ నిస్సత్తువ సున్నా నుంచి పదిలో ఎంత?' అంతే.

ఆ సున్నా నుంచి పది మా ఇంట్లో ఇంకోలా ఉపయోగపడింది. ఓపిక అన్న మాట నిషేధించుకున్నాం. పొద్దున్నే క్యాలెండరు మీద ఆ రోజు గడిలో నా అంకె వేస్తాను. మా అబ్బాయి స్కూలుకి వెళ్తూ అది చూసి "అమ్మా, ఇవాళ ఎనిమిదా? అయితే సాయంత్రం లెక్కలు నాన్నని అడుగుతాలే" అని వెళ్లిపోతాడు. వాడి గొంతులో జాలి ఉండదు, వర్షం పడుతోంది గొడుగు తీసుకెళ్దాం అన్నట్టు ఉంటుంది. మావారికి అలవాటు కావడానికి కొంచెం ఎక్కువ కాలం పట్టింది. మొదట్లో ఎనిమిది వేసిన రోజు నేను నవ్వితే అనుమానంగా చూసేవారు.

పని చేసేచోట నేను సెలవులు పెంచమని అడగలేదు. బరువైన ప్రూఫులు, అంటే పట్టికలూ, శ్లోకాలూ, అంకెలూ ఉన్నవి పొద్దున పూటే ఇవ్వమన్నాను. మధ్యాహ్నం తర్వాత అట్టల మీది రాతలు, సూచికలో పేజీ నంబర్లు సరిచూసుకోవడం లాంటివి ఇవ్వమన్నాను. మొదట గొణుక్కున్నారు. మా విభాగంలో ఒకావిడ "అదృష్టవంతురాలివి, నీకు నచ్చిన పని నీకు" అంది. ఆరు నెలల తర్వాత మిగిలిపోయిన తప్పుల లెక్క చూసుకుని ఎవరూ ఏమీ అనలేదు.

ఒక హెచ్చరిక చెప్పకపోతే తప్పవుతుంది. ఏ నిస్సత్తువనైనా 'ఇది రుమటాయిడ్‌దేలే' అనుకోకూడదు. హఠాత్తుగా పెరిగితే, దాంతో జ్వరమో, ఊపిరాడకపోవడమో, గుండెలో నొప్పో, నల్లటి విరేచనమో ఉంటే వెంటనే డాక్టరుకి చెప్పాలి. మనం వేసుకునే మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి కాబట్టి ఇన్ఫెక్షన్ వస్తే త్వరగా ముదురుతుంది. బతకాలని లేదు అనిపించేంత దిగులున్నా అంతే, అదీ వెంటనే చెప్పాల్సిన లక్షణమే.

మీ నుంచి నేను కోరేవి రెండు. ఈసారి రుమటాయిడ్ గురించి వేసినప్పుడు నిస్సత్తువకి కనీసం ఒక కాలమ్ ఇవ్వండి. ఫొటో దొరకదని తెలుసు, వంకర వేలిలాగా అది కెమెరాకి కనపడదు. మంచం అంచున తడి జుట్టుతో కూర్చున్న మనిషిని బొమ్మ గీయించినా చాలు.

రెండోది దీనికంటే తొందరది. మూడో కాలమ్, కింది నుంచి నాలుగో లైను. "మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు వేసుకోవాల్సి ఉంటుంది" అని ఉంది. 'వారానికి ఒక్కసారి' అన్న రెండు మాటలు జారిపోయాయి. ఈ జబ్బుకి ఆ మందు వారంలో ఒకే ఒక్క రోజు వేసుకునేది. పొరపాటున రోజూ మింగి రక్తకణాలు పడిపోయి, ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు, ప్రాణం పోయినవాళ్లూ ఉన్నారు. అందుకే నేను మందుల చీటీ మీద వారం పేరు కూడా రాయించుకుంటాను. దయచేసి సవరణ వేయండి. లోపలి పేజీలో ఓ మూల కాకుండా, అదే ఆరోగ్యం పేజీలో, అదే సైజు అక్షరాల్లో.

ఇట్లు,
ఒక ప్రూఫ్ రీడర్